పసుపు గౌరమ్మ కాపలా

అనగనగనగా, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక సత్రం ఉండేది. కాళ్ళు ఆడించడం మానేస్తేనే చెబుతాను మరి. ఆఁ, అలా దుప్పటి కప్పుకో.

ఆ సత్రం గదులకి నీలం సున్నం వేసుండేది. నీళ్ళ మీద ఎండ పడితే ఆ తళుకు పైకప్పు మీద అలల్లా ఊగేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సముద్రం మీద నుంచి ఒక మెత్తని గాలి వచ్చేది. ఆ గాలి సోకితే ఎంతటివాళ్ళకైనా కళ్ళు మూతలు పడాల్సిందే. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, గోడ మీద పిల్లితో సహా అందరూ నిద్రపోయేవాళ్ళు.

ఒకనాడు ఆ సత్రానికి పేరిందేవి అనే ఆవిడ వచ్చింది. తల్లీ తండ్రీ లేని మేనకోడలు సీతాలుని ఆవిడే పెంచింది. ఆ ఊరి పక్కనే సముద్రంలో కలిసే ఏటి పాయకి అవతలి ఒడ్డున సీతాలు పెళ్ళి. పెళ్ళికి రెండు పుస్తెలు కావాలి కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. పేరిందేవి తన చెవుల కమ్మలు కరిగించి పుట్టింటి పుస్తె చేయించింది. అది లేకపోతే ఆ పిల్లకి నా అన్నవాళ్ళు లేరని పదిమందీ అనుకుంటారని ఆవిడ దిగులు. పుస్తెని గుడ్డలో మూటగట్టి రొంటిని దోపుకుంది.

పాయలో నీళ్ళు పోటెత్తాయి, అవి తగ్గేదాకా పడవ వెయ్యరన్నారు. అప్పుడు పేరిందేవి ఒక గది తీసుకుంది.

ఆ సత్రంలోనే శేషావతారం అనే పెద్దమనిషి ఉండేవాడు. భుజాన శాలువా, నోట్లో తేనె. పొద్దున్నే వసారాలో తిరుగుతూ అందర్నీ పలకరించేవాడు. "జాగ్రత్తండీ, ఇక్కడ దొంగలున్నారట" అని మెల్లగా చెప్పేవాడు. ఎంత మంచివాడో అనుకునేవాళ్ళు అందరూ.

మొదటి రోజు ఆ మాట పొగాకు వ్యాపారికి చెప్పాడు. ఆయన చెయ్యి గబుక్కున తలపాగా మీదికి పోయింది. ఆ తర్వాత ఆయన గాలి కోసం తలుపు బార్లా తీసుకుని పడుకున్నాడు. లేచేసరికి తలపాగాలో దాచిన ఉంగరం లేదు.

రెండో రోజు గాజులమ్మే ఆవిడకి చెప్పాడు. ఆవిడ కళ్ళు గాజుల బుట్ట అడుక్కి పోయాయి. ఆవిడ తలుపు గడియ వేసింది గానీ కిటికీ మరిచిపోయింది. లేచేసరికి బుట్ట అడుగున వెండి పట్టీలు లేవు. పాపం, ఎంత ఏడ్చిందో.

మూడో రోజు మన పేరిందేవి దగ్గరికి వచ్చాడు. "అక్కగారూ, దొంగలున్నారట, కాస్త జాగ్రత్త" అన్నాడు. ఆవిడ చెయ్యి ఆవిడకి చెప్పకుండానే రొంటి మీదికి పోయింది. అప్పుడు ఆవిడకి సంగతి తెలిసొచ్చింది. ఈ మాయదారి మనిషి వెతకడు, మనచేతే చూపించుకుంటాడు. ఒళ్ళు మండింది గానీ, నవ్వుతూ "అలాగే తమ్ముడూ" అంది.

సాక్ష్యం లేకుండా పెద్దమనిషిని దొంగంటే ఎవరు నమ్ముతారు? అందుకని గదిలోకి వెళ్ళి పసుపు ముద్ద కలిపింది. పుస్తెని ఆ ముద్దలో పెట్టి గౌరమ్మని చేసింది. కుంకుమ బొట్టు పెట్టి, గూట్లో ఉంచి, దణ్ణం పెట్టుకుంది. ఇంక కళ్ళు గూటివైపు పోయినా భక్తే అనుకుంటారు. ఆ తర్వాత ఖాళీ అయిన గుడ్డలో నాలుగు చింతగింజలు మూటగట్టి రొంటిని దోపుకుంది. ఆ తర్వాత తలుపు గడియకి ఇత్తడి చెంబు తగిలించి, అది కనపడకుండా తడిచీర ఆరేసింది. కిటికీ మాత్రం కావాలనే తీసి ఉంచింది.

నిద్రపోకూడదనే అనుకుంది. కానీ గాలి వచ్చింది, పైకప్పు మీద అలలు ఊగాయి. పసుపు రంగు సముద్రంలో పడవ మీద పోతున్నట్టు కలొచ్చింది.

అప్పుడు శేషావతారం కిటికీలోంచి దిగాడు. చింతగింజల మూట మెల్లగా లాగాడు. గూట్లో గౌరమ్మ కనిపిస్తే లెంపలు కూడా వేసుకున్నాడు. పెద్దమనిషి కదా, పోయేటప్పుడు దర్జాగా తలుపు గుండా పోదామని గడియ లాగాడు. చెంబు ధన్‌మని పడింది. నిద్రపోతున్న సత్రం అంతా లేచి కూర్చుంది.

పొగాకు వ్యాపారి వాడి చెయ్యి పట్టుకుని మూట విప్పించాడు. చింతగింజలు చూసి శేషావతారం శాలువాలో మొహం దాచుకున్నాడు. వాడి గది వెతికితే ఉంగరం, పట్టీలు అన్నీ దొరికాయి.

ఆ సాయంత్రం పాయ నెమ్మదించింది. పేరిందేవి గౌరమ్మని రెండు చేతుల్లో పట్టుకుని పడవెక్కింది. పూజ చేసిన గౌరమ్మని విరగ్గొట్టకూడదు తల్లీ, నీళ్ళలోనే కలపాలి. అందుకే పుస్తె బయటికి తియ్యలేదు.

పెళ్ళిపందిట్లో పురోహితుడు పుట్టింటి పుస్తె ఏదమ్మా అన్నాడు. గౌరమ్మని పీట మీద పెట్టిన పేరిందేవి చేతులు ఖాళీగా ఉన్నాయి. "ఎవరున్నారని తెస్తారు పాపం" అని ఎవరో గుసగుసలాడారు. సీతాలు తల వంచుకుంది.

పేరిందేవి పళ్ళెంలో నీళ్ళు పోసి, గౌరమ్మని పిల్ల ముందు పెట్టింది. "నీ చేత్తో కలుపు తల్లీ" అంది. సీతాలు మెల్లగా కలిపింది. నీళ్ళు పచ్చబడ్డాయి, వేళ్ళు పచ్చబడ్డాయి, ఆ వేళ్ళకి పుస్తె తగిలింది.

సీతాలు దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది. తర్వాత మేనత్త భుజాన తల ఆనించి, "మా పుట్టిల్లు వచ్చింది" అంది.

కథ వెళ్ళి కంచిలోన చేరింది,
కునుకు వచ్చి కంటిలోన దూరింది,
మనమేమో మన ఇంటికొచ్చాం,
మన తలుపుకి మనం గడియ వేశాం.