కుంటిదాని కాళ్ల దగ్గర

అబీ పేర్లు మరిచిపోవడం మొదలుపెట్టింది.

మొదట ఉప్పు పోయింది. "ఆ తెల్లది ఇటు అందుకో" అంది ఒకరోజు. తరువాత మనుషుల పేర్లు. పన్నెండేళ్లుగా పక్కనే ఉంటున్న శిష్యురాలు దెస్కిత్‌ని, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. దెస్కిత్ సర్దుకుంది. కానీ ఆ వేసవిలో మొక్కల పేర్లు కూడా జారిపోసాగాయి. అప్పటినుంచి దెస్కిత్‌కి కాలు ఒకచోట నిలవలేదు.

లదాఖ్ కొండల్లో, చెట్టన్నది కనిపించని ఎత్తులో ఉంది వాళ్ల మఠం. పదిమంది సన్యాసినులు ఉంటారు. అబీ అంటే ఆ ప్రాంతపు మాటలో అమ్మమ్మ. చుట్టుపక్కల మూడు లోయలకీ ఆవిడే వైద్యురాలు. మఠం వెనక వాలంతా మోకాటి ఎత్తు బూడిదరంగు పొదలు. మన మాచిపత్రికి చుట్టాలవి. ఆకు నలిపితే అదే చేదు వాసన. పొదకీ పొదకీ మధ్య ఉత్త గులకరాళ్లు. చూసేవాళ్లకి అక్కడ ఏమీ లేదు. అబీకి మాత్రం అదే మందుల కొట్టు. ఏ గ్రంథంలోనూ లేని మందులు, ఆవిడకి ఆవిడ గురువు చూపించినవి, ఆ వాలు మీద ఉన్నాయి. వాటి సంగతి తెలిసిన తల ఒక్కటే. ఆ తల రోజుకింత ఖాళీ అవుతోంది.

దెస్కిత్ లావుపాటి నోటుపుస్తకం ఒకటి తెప్పించింది. పొద్దున్నే, చేతిలో టీ కూడా పూర్తికానివ్వకుండా, అబీని వాలు మీదికి లాక్కుపోయేది. పేజీకి ఒక మొక్క. పేరు, అంటించిన ఆకు, పువ్వు రంగు, ఏ జబ్బుకి, ఎంత మోతాదు.

"దీని పేరేమిటి అబీ?"

"మందు."

"మందేలెండి. పేరు?"

"పేరు పెట్టి పిలిస్తే లేచొస్తుందా ఏమిటే?"

అబీకి గుర్తు రాకపోతే దెస్కిత్ పాత శిష్యురాళ్లని అడిగేది, కాపర్లని అడిగేది, ఎలాగో పేరు పట్టుకొచ్చేది. అబీ ఒక్కోసారి పొంతన లేకుండా మాట్లాడేది. "ఇది కుంటిదాని కాళ్ల దగ్గర ఉంటుంది. గాలంటే భయం దీనికి" అనేది. ఇంకో మొక్కని చూపించి, "ఇది అప్పచెల్లెళ్ల మధ్య పడుకుంటుంది. వాళ్లు మేకల్ని రానివ్వరు" అనేది. కుంటిదెవరో, అప్పచెల్లెళ్లెవరో! ఎప్పుడో పోయిన మనుషులు పాపం ఈవిడ కళ్లముందు తిరుగుతున్నారు కాబోలు అనుకుంది దెస్కిత్. మొదట్లో రాసుకున్న అలాంటి మాటలన్నీ ఒకనాడు కూర్చుని కొట్టేసింది. పుస్తకం మొత్తం శుభ్రంగా మళ్లీ ఎత్తి రాసింది. వేసవి ముగిసేసరికి నూట పన్నెండు పేజీలయ్యాయి.

అయినా స్థిమితం లేదు. జపానికి కూర్చుంటే పెదాల మీదికి మంత్రం బదులు మొక్కల పేర్లు వచ్చేవి. నూట పదమూడోది ఎక్కడో మిగిలిపోయిందేమో అని మధ్యలోనే లేచిపోయేది.

మొదటి మంచు కురిసి కరిగిన వారానికి గ్యాల్సన్ అనే మేకల కాపరి రొప్పుకుంటూ వచ్చాడు. భార్యకి మూడు రోజులుగా కడుపులో నొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం. గుక్కెడు నీళ్లు కూడా లోపల నిలవడం లేదు.

"నాలుక ఎలా ఉంది?" అడిగింది అబీ.

"పసుపు పూసినట్టుంది అబీ."

"అయితే దానికి వేరు కావాలి. అదే... ఆ వేరు..." అబీ వేళ్లు గాలిలో దేన్నో వెతికాయి. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఏ రోజు వస్తుందని దెస్కిత్ భయపడుతోందో ఆ రోజు వచ్చేసింది. గబగబా పేజీలు తిప్పింది. నలభై ఒకటో పేజీ. "సెర్మెన్! పసుపు పువ్వు, అయిదు రెక్కలు. కడుపులో మంటకి, జ్వరానికి. ఇదేనా అబీ?"

"ఆఁ, అదే అదే" అంది అబీ, తప్పిపోయిన పిల్ల దొరికినంత సంబరంగా.

దెస్కిత్‌కి ప్రాణం లేచొచ్చింది. డబ్బాలో చూస్తే ఎండువేరు ముక్క కూడా లేదు. పలుగు తీసుకుని, గ్యాల్సన్‌ని వెంటబెట్టుకుని, వాలు మీదికి పరుగెత్తింది.

అక్కడికి వెళ్లాక నిలబడిపోయింది. మంచుకి పువ్వులన్నీ మాడిపోయాయి. ఆకులు రాలి ఎటో ఎగిరిపోయాయి. ఎటు చూసినా బూడిదరంగు పొదలు, రాళ్లు. వేసవిలో ఇక్కడే ఎక్కడో చూసింది. ఎక్కడ? ఒకచోట తవ్వింది. రాయి. ఇంకోచోట తవ్వింది. రాయి. అటు పరుగెత్తి, ఇటు పరుగెత్తి, ఎనిమిది చోట్ల తవ్వింది.

"అక్కా, పుస్తకంలో ఇంకేం రాసుందో చూడు" అన్నాడు గ్యాల్సన్.

"పువ్వు పసుపు అని ఉంది."

"పువ్వే ఉంటే నా మేక పట్టుకొచ్చేది కదక్కా!" అన్నాడతను. అని, ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అంతలో కర్ర పొడుచుకుంటూ అబీ వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంట్లో పిల్లల తలలు నిమురుతూ వెళ్లినట్టు, దారిలో పొదల్ని తాకుతూ నడిచింది. ఒక పాత పొద దగ్గర ఆగింది. ఏ కాలపు మంచు బరువుకో దాని మాను చీలిపోయింది. మోచేతి మీద ఒరిగిన మనిషిలా పక్కకి వాలిపోయి ఉంది.

"ఏమే కుంటిదానా, బాగున్నావా?" అంది అబీ.

దెస్కిత్ చేతిలోంచి పలుగు జారింది.

అబీ కూలబడి, దెస్కిత్ చెయ్యి పట్టుకుని, గాలి తగలని వైపునుంచి కొమ్మల కిందికి తోసింది. బయటంతా ఎండురాయి. లోపల తడి. గాలి మోసుకొచ్చి వదిలేసిన మెత్తటి మట్టి, రాలిన ఆకులు, గుప్పెడు కరగని మంచు. వేళ్లకి ఎండుగడ్డి తగిలింది. అడవి ఉల్లి మోడు తగిలింది. నాచు తగిలింది. ఇంకాస్త లోతుకి పోతే బొటనవేలంత లావున వేరు.

తవ్వి తీసింది. విరిస్తే లోపల పసుపుపచ్చగా ఉంది.

"దీని పేరేదో అన్నావే?" అంది అబీ.

"సెర్మెన్."

"బాగుంది పేరు."

దెస్కిత్ సగం కోసి గ్యాల్సన్ చేతిలో పెట్టి, ఎలా కాచి ఇవ్వాలో చెప్పింది. అతను వాలు దిగి పరుగెత్తాడు. మూడోరోజుకి అతని భార్య లేచి కూర్చుని మేకల్ని, మొగుణ్ణి కలిపి తిట్టిందని తరువాత కబురొచ్చింది.

తను మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. తను కొట్టేసిన మాటలు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. కుంటిది. అప్పచెల్లెళ్లు. మరొకటేదో ఉంది, రావడం లేదు.

"అబీ, వీళ్లని కూడా మీరు మరిచిపోతే?" అంది.

అబీ మిగతా సగం వేరుని మళ్లీ ఉన్నచోటే పెట్టి మట్టి కప్పింది. ఎండుగడ్డిని దానిమీదికి లాగింది. పైకెత్తిన కొమ్మని మళ్లీ కిందికి దించి, అరచేత్తో తట్టింది.

"పక్కవాళ్లు చూసుకుంటారులే" అంది.

గాలి లేచింది. అబీ శాలువా అంచు కొట్టుకుంటోంది. దెస్కిత్ పుస్తకం కోసం సంచిలో చెయ్యి పెట్టబోయి, ఆగింది. లేచి, గాలి వచ్చే వైపుకి వెళ్లి, అబీకి ఆనుకుని కూర్చుంది.

కాసేపటికి, ఎదురుగా ఉన్న పొదని చూపించి అడిగింది.

"ఆ పక్కనున్నావిడ ఎవరు అబీ?"