చిలక అడిగిన ప్రశ్నలు

గఫూర్‌కి వచ్చిన చిక్కంతా ఒక పిల్లల పుస్తకం చివరి పేజీలో ఉంది.

కంభంలో ఇనాయతుల్లా బాబా అనే సూఫీ గురువు ఇంటిని ఆనుకుని చిన్న చదువుల గది ఒకటుంది. బడి వదిలాక ముప్పైమంది పిల్లలు అక్కడికి వస్తారు. ఆ గది బాగోగులు చూసేది బాబా శిష్యుడు గఫూర్. ఆ ఏడాది పిల్లలంతా ఎగిరే ఏనుగుల కథల పుస్తకం ఒకటి పట్టుకుని వదలడం లేదు. మిగతా కథ కావాలంటే ఫలానా వెబ్‌సైట్ చూడండని దాని చివర అచ్చేశారు. గదిలో కంప్యూటర్ ఉందిగా, తెరవమని పిల్లలు. అందులో ఏముందో తెలియకుండా వద్దే వద్దని తల్లులు.

"బాబా సరేనంటే మాకూ సరే," అన్నారు చివరికి తల్లులు.

"చూసి చెప్పు," అన్నారు బాబా గఫూర్‌తో.

గఫూర్ ఏ పనైనా అంతు చూడందే వదలడు. ఆ సంగతి నలుగురికీ తెలిస్తే బావుణ్ణని కూడా అతనికి కాస్త ఉంది. పన్నెండు రోజులు ఆ వెబ్‌సైట్‌ని భూతద్దం పెట్టి వెతికాడు. ఎన్ని రాక్షసుల బొమ్మలున్నాయో, ఏ ఆటలో ఎవరు ఎవర్ని కొడతారో అన్నీ రాసుకున్నాడు. పదహారు కాగితాలయ్యాయి. చివర ఎర్ర సిరాతో 'పిల్లలకు తగినదే' అని రాసి, సంతకం పెట్టి, బాబా ముందుంచాడు.

"నలుసంత తప్పు లేదు బాబా. నేను చూడని మూల లేదు."

బాబా ఆ కాగితాలు తిప్పలేదు. "ఎవరింటికెళ్లినా గుమ్మంలో ఏదో ఒకటి అడుగుతారు. అక్కడ నిన్నేమడిగారు?"

"వయసు అడిగారు. నలభై మూడని రాశాను. అబద్ధమాడనని మీ చేతిలో చెయ్యేసి మాటిచ్చాను కదా."

బాబా నవ్వారు. "మంచి పని చేశావు. తస్లీమాని పిలువు."

తస్లీమాకి తొమ్మిదేళ్లు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఆస్పత్రిలో ఆయా. బాబా ఆ పిల్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తాను పక్కన స్టూలు లాక్కున్నారు.

"నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో తల్లీ. గఫూర్ మామూ ఏమీ మాట్లాడడు."

వయసు అడిగితే తొమ్మిదని కొట్టింది తస్లీమా. నలభై మూడని చెప్పి గఫూర్ పన్నెండు రోజులుగా చూస్తున్న పేజీ రాలేదు. తెర మీద ఒక ఆకుపచ్చ చిలక వాలింది. ఈ చిలకని అతనెన్నడూ చూడలేదు. ఎగిరే ఏనుగు గుడ్డు నీకే ఇస్తానంది చిలక. దాని కింద వరసగా గళ్లున్నాయి, నింపి పంపమంది.

నీ పేరేంటి? తస్లీమా రాసింది. ఏ బడి? రాసింది. మీ ఇల్లెక్కడ? నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వీధి పేరు రాసింది. పక్కనే పిండిమర ఉంటుందని ఆనవాలు కూడా రాసింది.

అమ్మా నాన్నా ఇంటికి ఎన్నింటికొస్తారు?

గఫూర్ ఇక ఊరుకోలేకపోయాడు. "తస్లీమా, అవన్నీ ఎందుకు రాస్తున్నావు?"

ఆ పిల్ల వింతగా చూసింది. "ఎవరడిగినా నిజమే చెప్పాలన్నారు కదా మామూ మీరు."

ఆ మాట ప్రతి శుక్రవారం ముప్పైమంది చేతా వల్లె వేయించేది గఫూరే. బాబా ఆ పదహారు కాగితాలూ నమ్మి సరేనని ఉంటే, రేపీపాటికి ముప్పై ఇళ్ల ఆనవాళ్లు ఆ చిలక దగ్గరుండేవి.

బాబా చెయ్యి చాచి తస్లీమా వేళ్ల మీద మెల్లిగా పెట్టారు.

"ఈ చిలక పేరేంటమ్మా?"

తస్లీమా తెరంతా వెతికింది. "చెప్పలేదు బాబా."

"దాని ఇల్లెక్కడ?"

"అదీ చెప్పలేదు."

"అయితే ముందు దాన్ని చెప్పనీ."

తస్లీమా తాను రాసిందంతా ఒక్కో అక్షరమే చెరిపేసింది.

గఫూర్ తన కాగితాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వచ్చి ఆ పిల్ల కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అది ఇంకా ఏమేం అడుగుతుందో, నాకు చూపించు తల్లీ," అన్నాడు.