విప్పి కుట్టిన బొంత

అనగా అనగా, కుట్టు మిషను చప్పుడు ఇంకా చాలా ఊళ్ళు వినని కాలంలో, కొండల నడుమ ఏటి ఒడ్డున ఒక రేవు ఉండేది. ఆ రేవులో చలమయ్య అనే పడవవాడు, అతని కూతురు తాయారు కాపురముండేవారు. తాయారు తల్లి అంతకు ముందు ఏడే జ్వరంతో కన్నుమూసింది.

ఆ వానాకాలంలో ఏరు పొంగింది. ఒక వర్తకుడి సరుకు కొట్టుకుపోతుంటే చలమయ్య ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చాడు. వర్తకుడు సంతోషించి, దూరదేశం నుంచి తెచ్చిన, చేత్తో తిప్పే కుట్టు మిషను ఒకటి అతనికి బహూకరించాడు. దారం ఎలా ఎక్కించాలో, చక్రం ఎలా తిప్పాలో తాయారుకు చూపించి, తన దారిన తాను వెళ్ళిపోయాడు.

వరదలో నానిన నాటి నుంచి చలమయ్య ఒంట్లోంచి చలి వదలలేదు. వణికే చేతులతో తెడ్డు పట్టలేడు. తెడ్డు పట్టకపోతే ఇల్లు గడవదు. చలికాలమా, ముంచుకొస్తోంది.

"మీ అమ్మ చీరలు మూడు పెట్టెలో ఉన్నాయి కదమ్మా. వాటితో నాకో బొంత కుట్టిపెట్టు," అన్నాడు చలమయ్య.

తాయారు పెట్టె తెరిచింది. ఒకటి పసుపు చీర, ఒకటి నీలం గళ్ళది, ఒకటి వంకాయ రంగుది. మడతల్లో అమ్మ వాసన ఇంకా ఉంది. ఇవి పాడైతే మళ్ళీ దొరికేవి కావు.

పక్కింట్లో మస్తానవ్వ ఉండేది. రేవులో సగం ఇళ్ళ బొంతలు ఆమె చేత్తో కుట్టినవే. తాయారు వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, నాకు బొంత కుట్టడం నేర్పుతావా?"

"నీ మిషను సంగతి నాకు తెలియదు పిల్లా. గుడ్డ సంగతి మాత్రం చెబుతాను. ముందు ఏదైనా పాత పీలిక మీద చెయ్యి తిరగనియ్యి," అంది అవ్వ.

కానీ తాయారుకు తొందర. పీలికల మీద కుట్టుకుంటూ కూర్చుంటే చలి ఆగుతుందా అనుకుంది. తిన్నగా పసుపు చీరనే సూది కింద పెట్టి చక్రం తిప్పింది. గుడ్డ మెల్లగా కదులుతుంటే ఓపిక పట్టలేక లాగింది. సూది వంగి పుటుక్కున విరిగింది. దాంతోపాటు చీర జానెడు చిరిగింది.

తాయారు ఏడుస్తూ చీర పట్టుకుని అవ్వ దగ్గరికి వచ్చింది.

"గుడ్డను లాగకూడదు తల్లీ. దాన్ని నడవనిచ్చి, నువ్వు దారి చూపాలి," అంది అవ్వ. "చిరిగితే ఏం, దీన్ని మధ్య పొరగా వేద్దాం. వెచ్చదనానికి చిరుగు అడ్డం కాదు."

అవ్వ దగ్గర ఉన్నవి చేతి సూదులే, మిషనుకు పనికిరావు. వర్తకుడు మిషనుతో ఇచ్చిన సూదుల్లోంచి ఇంకొకటి తీసి బిగించి, తాయారు ఈసారి పీలికల మీద సాధన చేసింది. కుట్టు తిన్నగా వచ్చాక నీలం చీరను పైన, పసుపు చీరను నడుమ, వంకాయ చీరను అడుగున పరిచింది.

"ముందు నడిమధ్య కుట్టు వెయ్యి. అక్కడి నుంచి అంచులకు రా," అని అవ్వ చెప్పింది.

అంచులు వంకరపోతాయేమోనని భయపడి తాయారు చుట్టూ అంచులే ముందు కుట్టేసింది. లోపలికి వచ్చేకొద్దీ మిగులు గుడ్డంతా నడుమకు చేరి, బుడగలా పొంగింది. అంతా విప్పాలంటే తాయారుకు మనసొప్పలేదు. ఆ పొంగును మడిచి, అణిచి, దాని మీద ఎర్రగుడ్డతో ఒక అందమైన పువ్వు అతికి కుట్టింది.

రేవులో వాళ్ళంతా వచ్చి చూశారు. "ఆ పువ్వు ఎంత ముచ్చటగా ఉందో," అన్నారు. తాయారు తల దించుకుంది. అది చూసి అణకువ అనుకున్నారు.

మర్నాడు తెల్లవారి చూస్తే చలమయ్య బొంత అంచున ముడుచుకుని పడుకుని ఉన్నాడు. నడుమ మడతలు గట్టిపడి ఒంటిని ఒత్తుతున్నాయి, వాటి సందుల్లోంచి చలి దూరుతోంది.

"వెచ్చగా ఉందా నాన్నా?"

"ఎందుకుండదమ్మా, నువ్వు కుట్టింది," అన్నాడు చలమయ్య. లేచి తెడ్డు అందుకున్నాడు. అతని చేతులు వణకడం తాయారు చూసింది.

ఇక ఆగలేకపోయింది. "నాన్నా, ఆ పువ్వు కింద తప్పు ఉంది. అందరూ మెచ్చుకుంటుంటే చెప్పలేకపోయాను. మొత్తం విప్పి మళ్ళీ కుడతాను."

చలమయ్య చెయ్యి బొంత మీదికి వెళ్ళింది. "పాత చీరలమ్మా. విప్పితే నిలుస్తాయా?"

తాయారుకూ అదే భయం. వెళ్ళి అవ్వను అడిగింది.

"విప్పితే చిరగొచ్చు. విప్పకపోతే మీ నాన్న చలి పోదు. ఏది ముఖ్యమో నువ్వే చూసుకో తల్లీ," అంది అవ్వ.

తాయారు గుమ్మంలో వెలుగు పడే చోట కూర్చుని, సూదిమొనతో ఒక్కొక్క కుట్టే ఎత్తి, దారం తియ్యసాగింది. గుడ్డను లాగకుండా ఎత్తడం, తొందర లేకుండా కదలడం అప్పుడే ఆమె చేతికి అబ్బింది.

వంకాయ చీర కొంగు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అక్కడ చిరుగు మీద అమ్మ ఎప్పుడో వేసిన రఫ్ఫు కుట్టు ఉంది. దాని పక్కనే వరుసగా సన్నని సూది రంధ్రాలు. అమ్మ ఒకసారి వంకరగా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టిందన్నమాట. అమ్మ చేతిలో తప్పు జరగడమంటూ ఉండదని తాయారు అన్నాళ్ళూ అనుకుంది. ఆ రంధ్రాల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు, ధైర్యం వచ్చింది.

చీరలు రెండు చోట్ల పిగిలాయి. అక్కడ మాసిక వేసింది. మళ్ళీ మూడు పొరలూ పరిచి, అరచేతులతో సాపు చేసి, ఈసారి నడిమధ్య మొదటి కుట్టు వేసింది. అక్కడి నుంచి అంచులకు వచ్చింది. చక్రం తిరుగుతుంటే గుడ్డ తనంతట తాను నడిచింది. మిగులు గుడ్డ అంచుల్లోంచి బయటికి జారింది. ఎక్కడా ఉబ్బు లేదు, ముడుత లేదు. పువ్వూ లేదు.

ఈసారి మెచ్చుకోవడానికి రేవువాళ్ళెవరూ రాలేదు. బొంత మామూలుగా, మాసికలతో ఉంది మరి.

ఆ మర్నాడు ఏటి అవతలి ఒడ్డున మొదటి పడవకు మనుషులు చేరి, "ఓ చలమయ్యా" అని పిలిచారు. పలుకు లేదు. మళ్ళీ పిలిచారు. తాయారు లోపలికి వెళ్ళి చూసింది. తండ్రి బొంత నడుమ, కాళ్ళు చాపుకుని, ఆదమరిచి నిద్రపోతున్నాడు.

తప్పు కుట్టును కప్పితే మెప్పు వస్తుంది. విప్పితే పనితనం వస్తుంది.