గీత, చుక్క, గీత

హామ్ రేడియో ముందు మళ్ళీ కూచున్నాక హైమవతికి వచ్చిన చిక్కు ఒకటే. ఎవరూ ఆమెతో చివరిదాకా మాట్లాడటం లేదు.

ఇంట్లోంచే దూరపు ఊళ్ళవాళ్ళతో రేడియోలో మాట్లాడే ఆ విద్యను కాలేజీ రోజుల్లో నేర్పింది లాజరు మాస్టారే. ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, కాకినాడలో మేడ మీద యాంటెన్నా తీగ కట్టుకుని స్థిరపడ్డ మనిషి. పెళ్ళయ్యాక హైమవతి మానేసింది. యాభై దాటాక, ఈ వేసవిలో వచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది.

“ఇప్పుడెందుకమ్మా ఇది?”

“ఇంట్లో మాట వినబడటం లేదు మాస్టారూ.”

ఆయనకు తెలుసు. ఆమె కూతురు మృదుల స్కూటీ మీంచి పడింది. తలకు దెబ్బ. ప్రాణం దక్కింది గానీ, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఈమధ్య అదీ తగ్గిపోయింది. మునుపు, ఆ పిల్ల కాసేపు నోరు మూస్తే చాలని దండం పెట్టేది హైమవతి.

మాస్టారు రేడియో ముందుకు కుర్చీ లాగారు.

వేళ్ళు మర్చిపోలేదు. మీట మీద మోర్స్ కోడ్ చుక్కలూ గీతలూ గబగబా పలికాయి. పిలిస్తే పలికేవాళ్ళు దొరికారు. రెండు మాటలయ్యాక తప్పుకునేవాళ్ళు.

“నా చెయ్యి పాడైందా?”

“చేతికేమమ్మా, గుర్రంలా పరిగెడుతోంది.”

ఓ మధ్యాహ్నం ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాడు తగిలాడు. తడుముకుంటూ ఒక్కో అక్షరం కొడుతున్నాడు. పేరులో రెండక్షరాలు రాగానే మిగతాది హైమవతే కాగితం మీద రాసేసింది. అవతల చప్పుడు ఆగింది. అయిపోయిందనుకుని మీట అందుకుంది. తన పేరు, ఊరు, వరసగా కొట్టేసింది.

అవతల ఉలుకూ పలుకూ లేదు.

“వెళ్ళిపోయాడు. అందరూ ఇంతే,” అంది.

“వెళ్ళలేదు. తర్వాతి అక్షరం వెతుక్కుంటున్నాడు. నువ్వు మీద పడ్డావు.”

మాస్టారు మీట తన వైపు జరుపుకున్నారు. ఒకే అక్షరం కొట్టారు. గీత, చుక్క, గీత. రేడియోవాళ్ళ మధ్య దానర్థం, ఇక మీరు చెప్పండి అని. ఎంత నిదానంగా కొట్టారంటే, హైమవతి చెయ్యి ఊరుకోలేక ముందుకు పోయింది. ఆ చేతిలోంచి పెన్సిలు తీసేసుకున్నారాయన.

రేడియోలో గరగర. ఎంతసేపటికీ గరగరే.

అప్పుడు అవతలి మనిషి పేరు మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఆగుతూ, లేస్తూ పూర్తి చేశాడు. ఆమె రాసిన పేరు కాదది.

హైమవతి కాగితం వంక చూస్తూ ఉండిపోయింది.

ఫోను మోగింది. మృదుల.

“అమ్మా… పొ…”

పొట్టలో నొప్పా అని నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ అంతే. మంచినీళ్ళా? మాత్రా? ఫ్యాను వెయ్యనా? పిల్ల ఊఁ అనేది. అది కాకపోయినా ఊఁ అనేది.

హైమవతి పెదవి కొరికిపట్టుకుంది. మాస్టారు రేడియో గొంతు తగ్గించారు.

“పొద్దున… నువ్వు…”

ఊపిరి వినబడుతోంది. హైమవతి మాట అందించలేదు.

“చేసిన… ఉప్మా… చెత్త.”

హైమవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏమంటోంది?” అన్నారు మాస్టారు.

ఆమె చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

“ఉండండి. ఇంకా చెబుతోంది.”