గాలి తాగని చీర

మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, సముద్రం ఒడ్డున ఉప్పు పండించుకుని బతికే ఊరొకటి ఉండేది. ఆ ఊరికి బట్టలుతికే ఆమె పేరు నూకాలు.

నూకాలుకు ఉన్నవి మూడే మూడు. ఒక బండ, ఒక గాడిద, ఒక సందేహం. బండ మీద ఉతికేది. గాడిద మీద మూటలు వేసేది. సందేహాన్ని మాత్రం మనసులోనే మోసేది. దండెం మీద ఆరేసిన చీరలో నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? కింద కారేవి కొన్నే. మిగతావో? చిన్నప్పుడు తల్లిని అడిగితే, గాలి తాగుతాదే పిచ్చిదానా అందట. అన్నేసి నీళ్ళు తాగితే గాలికి కడుపు నిండదా అని నూకాలు అప్పటినుంచీ చూస్తూనే ఉంది.

చూడగా చూడగా తెలిసింది. పడమటి గాలి దాహంతో వస్తుంది. పొయ్యి మీంచి దింపిన అంబలి చల్లారేలోపు చీరంతా తాగేసి పోతుంది. సముద్రం మీంచి వచ్చే గాలి దారిలోనే తాగి వస్తుంది, అందుకని మెల్లగా తాగుతుంది. ఎప్పుడైనా కడుపు పూర్తిగా నిండిన గాలి వచ్చిందా, ఇక తాగదు. తాగినదంతా వానగా కక్కేస్తుంది.

ఒక ఏడాది ఎండలు బాగా కాశాయి. మళ్ళలో కట్టిన సముద్రపు నీళ్ళు ఆరి, ఉప్పు మల్లెపూలలా విరిసింది. కుప్పలు ఇంటి కప్పులంత ఎత్తు లేచాయి. వానలకు ముందు మెట్ట ఊళ్ళవాళ్ళు ఎడ్లబళ్ళ మీద వచ్చి, ఉప్పు తీసుకుని చోళ్ళు, అదే రాగులు, ఇచ్చిపోతారు. ఏడాది తిండి అదే. ఊరి పెద్ద అప్పలసూరి మళ్ళ గట్టు మీద నిలబడి, ఆఖరి మడి కూడా పండనివ్వండి, అప్పుడే కుప్పలకు తాటాకు కప్పుదాం అన్నాడు.

ఆ రోజు నూకాలు చీర ఆరేసింది. అంబలి చల్లారింది. చీర ఆరలేదు. మధ్యాహ్నానికి గాని ఆరలేదు. వెళ్ళి అప్పలసూరికి చెప్పింది. అతను నవ్వి పంపేశాడు.

రెండో రోజు చీర ఆరేసింది. అంబలి చల్లారింది. చీర ఆరలేదు. పొద్దు వాలాక గాని ఆరలేదు. మళ్ళీ వెళ్ళి చెప్పింది. ఈసారి అతను నవ్వలేదు, విసుక్కున్నాడు.

మూడో రోజు చీర ఆరేసింది. అంబలి చల్లారింది, మధ్యాహ్నమూ దాటింది. ఎండ మండుతూనే ఉంది. చీర అంచునుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. నూకాలు ఆ తడి చీర భుజాన వేసుకుని మళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

అప్పలసూరి ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. "అరచెయ్యంత మబ్బు లేదు. బట్టలుతికేదానివి ఉతుక్కో. వాన సంగతి ఆకాశం సెప్తాది."

"ఆకాశం సివర్న సెప్తాది బాబూ," అంది నూకాలు. "గుడ్డ ముందు సెప్తాది."

పనివాళ్ళు పారలు ఆపి చూశారు. పెద్దకు ఎదురు మాట్లాడిన మనిషి ఆ ఊళ్ళో అంతకుముందు లేదు. నూకాలు కదల్లేదు. ఆఖరి మడి వైపు చూపించి అంది, "నా గుడ్డలో నీళ్ళు తాగని గాలి, నీ మడిలో నీళ్ళు తాగుతాదా? మూడు రోజులై గట్టు మీద తడి గీత దిగిందేమో సూడు బాబూ."

అప్పలసూరి వంగి చూశాడు. గీత వేలెడు కూడా దిగలేదు. ఎన్నాళ్ళు ఆగినా ఆ మడి పండదని అతనికి అప్పుడు అర్థమైంది. అంతలో అతని ముసలితల్లి సన్నాసమ్మ కర్ర ఊతంతో వచ్చింది. ఆ చీర ఆవిడదే.

"నలభై ఏళ్ళై ఈ పిల్ల నాకు ఒక్కనాడూ తడి చీర తేలేదురా," అంది. కర్ర పక్కన పడేసి, ఒక తాటాకు ఎత్తుకుని కుప్ప వైపు నడిచింది.

తల్లి మోస్తుంటే కొడుకు నిలబడతాడా? కొడుకు మోస్తుంటే ఊరు నిలబడుతుందా? ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ మోశారు. గాడిద కూడా మోసింది. ఒక కుప్ప కప్పారు, రెండో కుప్ప కప్పారు, ఆఖరి కుప్ప మీద మట్టి మెత్తుతుండగా తూర్పున ఆకాశం కాటుక పూసుకుంది. అందరూ ఇళ్ళు చేరేసరికి వాన అందుకుంది. ఒక రోజు కురిసింది, రెండు రోజులు కురిసింది, మూడో రోజూ కురిసింది. ఆ తీరమంతా ఉన్న ఉప్పు కరిగి మళ్ళీ సముద్రంలో కలిసింది. వీళ్ళ కుప్పలు మాత్రం చెక్కు చెదరలేదు. ఉప్పు కరిగిపోయిన ఊళ్ళకు కుప్పకు ఇన్ని గంపలని పంచి పెట్టినా, చోళ్ళకు సరిపడా మిగిలింది.

ఎండ వచ్చిన రోజు అప్పలసూరి ఊరందరి ముందూ నూకాలును ఏం కావాలో కోరుకోమన్నాడు.

"బుద్ధెరిగిన కాడినుంచి నా సీర నానే ఉతుక్కున్నాను బాబూ," అంది. "ఒక్కసారి ఇంకొకరెవరైనా ఉతికి పెడితే కట్టుకోవాలనుంది."

అప్పలసూరి పంచె ఎగ్గట్టి రేవులో దిగాడు. బండకు కొట్టబోయి తన మోకాలికి కొట్టుకున్నాడు. పిండబోయి నీళ్ళలో కూలబడ్డాడు. ఊరు పడీపడీ నవ్వింది. నూకాలు గట్టు మీద కూర్చుని, అంచు మురికి పోలేదు బాబూ, ఇంకోపాలి అంటూ మూడుసార్లు ఉతికించింది. ఆరాక కట్టుకుని ఊరంతా తిరిగింది.

నూకాలు చాలా ఏళ్ళు బతికి, మనవల చేతుల్లో పోయింది. ఇప్పటికీ ఆ తీరంలో గాలి జిడ్డుగా ఉండి ఒళ్ళు చెమటలు పడితే, "నూకాలు చీర ఆరలేదు, ఊరు దాటకండి" అంటారు. ఏటా ఆఖరి ఉప్పు కుప్ప కప్పిన మర్నాడు ఉతికేవాళ్ళకు సెలవు. ఊరి పెద్దే రేవులో దిగి వాళ్ళ బట్టలు ఉతకాలి. వాళ్ళు గట్టు మీద కూర్చుని బెల్లం నములుతూ వంకలు పెడతారు. ఎంత తెల్లగా ఉతికినా సరే, మూడోసారి దాకా ఒప్పుకోరు.