పీటెక్కిన పలక

మణిగిరి రాజు ఉదయాదిత్యుడికి ఏదైనా నచ్చిందంటే ఊరంతా దాన్ని నెత్తికెత్తుకోవాల్సిందే. ఈసారి ఆయనకు నచ్చింది మాట్లాడే పలక.

విద్యాధికారి రుద్రభట్టు దాన్ని ఓడ వర్తకుల దగ్గర్నుంచి తెప్పించాడు. అది బొమ్మ చూపించి ప్రశ్న అడుగుతుంది. సరైన జవాబు నొక్కితే "భేష్" అంటుంది. రాకుమారి హేమాంగి పొద్దస్తమానం దాన్ని నొక్కుతూనే ఉంది. ఇదివరకు సాయంత్రాలు కూతురి పక్కన కూర్చుని చదివించే రాజు, ఇప్పుడు రుద్రభట్టుతో హాయిగా చదరంగం ఆడుకుంటున్నాడు.

"మా అమ్మాయికి రోజంతా భేష్‌లే," అన్నాడు రాజు నిండు సభలో. "ఇంటింటికీ ఓ పలక ఇప్పిద్దాం. తల్లిదండ్రులకి చదివించే బెడద వదులుతుంది. రేపు రుద్రభట్టుకి ముత్యాల హారం. ఏం కోనప్పా, ముఖం అలా పెట్టావు?"

సభను నవ్వించడమే పనిగా ఉన్న కోనప్పకి ఆ రోజు నవ్వు రాలేదు. పొద్దున తోటలో ఒంటరిగా కూర్చున్న హేమాంగి, "నాన్నగారు ఇవాళైనా వస్తారా?" అని అడిగింది మరి.

"పలక మంచిదే ప్రభూ. పక్కన మీరుంటే ఇంకా మంచిది."

రుద్రభట్టుకి ఒళ్ళు మండింది. "పలక ఉండగా తండ్రి దేనికి? రేపటిలోగా రుజువు చెయ్యి. లేదా ఊరు విడిచి పో."

రాజు సరేనన్నాడు. కోనప్పా సరేనన్నాడు.

మర్నాడు రుద్రభట్టు కొడుక్కి అక్షరాభ్యాసం. రాజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పళ్ళెంలో బియ్యం పోశారు. పట్టుపంచె సర్దుకుంటూ రుద్రభట్టు పీట మీద కూర్చోబోయాడు. అంతలో కోనప్ప ఆ పీట మీద మాట్లాడే పలకను నిలబెట్టి, దానికి బొట్టు కూడా పెట్టాడు.

"మీకెందుకు శ్రమ భట్టుగారూ, వెళ్ళి వంటల సంగతి చూసుకోండి. పిల్లాణ్ణి దీని ఒళ్ళో కూర్చోబెడతాం."

"నీకు మతి పోయిందా?" అని కసిరాడు రుద్రభట్టు. "తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేయి పట్టి దిద్దించకపోతే అది అక్షరాభ్యాసం ఎలా అవుతుంది?"

కోనప్ప రాజుకేసి తిరిగి చేతులు జోడించాడు.

"విన్నారుగా ప్రభూ. రుజువు వారే చేసేశారు."

చుట్టాలంతా గొల్లున నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. హేమాంగిని ఒళ్ళోకి తీసుకుని, పలక మీది ఒంటె బొమ్మ చూపించి, "ఇదేమిటి తల్లీ?" అన్నాడు.

"ఏది నొక్కితే భేష్ అంటుందో అది, నాన్నగారూ."

రాజు ముఖం చిన్నబోయింది. ఆయన ఒంటె వీపు మీద ఆ గూనెందుకో, ఎడారిలో అదెలా బతుకుతుందో చెప్పాడు. పాప ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఇద్దరూ కలిసి జవాబు నొక్కారు.

"భేష్," అంది పలక.

రాజు అప్పుడు నవ్వాడు. ముత్యాల హారం తీసి కోనప్ప మెడలో వేశాడు.

"మరి సాయంత్రం చదరంగం, ప్రభూ?" అని నసిగాడు రుద్రభట్టు.

"పలకతో ఆడుకో భట్టూ. గెలిస్తే అదే భేష్ అంటుంది."