పచ్చరాయికి తలంటు

ఒకానొక రాజ్యంలో రాజుగారికే కాదు, రాజుగారి కంటికి కూడా విడిగా ఒక బిరుదు ఉండేది. రాజు పేరు ధవళకీర్తి భూపతి. ఆయన కంటి బిరుదు డేగచూపు. పొద్దున్నే వందిమాగధులు ముందు రాజును పొగిడేవారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, కంటిని పొగిడేవారు. కోటగోడ మీద నిలబడి, మూడు కోసుల అవతల మేస్తున్న ఎద్దు కొమ్ములకు రంగు వేశారో లేదో చెప్పగలనని రాజు అనేవాడు. అది నిజమో కాదో చూసి రావడానికి మూడు కోసులు నడిచినవాడు ఎవడూ లేడు కాబట్టి, ఆ మాట అలాగే నిలిచిపోయింది.

ఆ కోటలో దీపాల పారుపత్యం ఓబళయ్యది. మూడు వందల దీపాలకు వత్తులు, నూనె, మసి తుడిచే గుడ్డలు, అన్నీ అతని చేతి కింద ఉండేవి. ఒంటికి ఎప్పుడూ నూనె వాసన. అందుకని సభలో అతనికి చివరి స్తంభం పక్కన చోటిచ్చారు. అయితే ఏదైనా చిక్కు వచ్చినప్పుడు మాత్రం ముందు వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు తిప్పి ఆ చివరి స్తంభం వైపే చూసేవారు.

రాజుగారి తలపాగాకు ముందు ఒక తురాయి. ఆ తురాయి నడుమ రేగుపండంత పచ్చరాయి. తాతగారి కాలం నాటిది. చిలకరెక్కలో ఉండే పచ్చదనమంతా ముద్దచేసి పెట్టినట్టు ఉండేది. నెలకొకసారి సానపట్టే నాగలింగాచారి దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, మర్నాడు తెచ్చి ఇచ్చేవాడు. "తుడిచి తెచ్చాను ప్రభూ" అనేవాడు. అంతకుమించి ఆయన చెప్పలేదు, రాజు అడగలేదు.

ఒక ఏడు రాజుగారి పుట్టినరోజు పది రోజులు ఉందనగా, ఆయన తురాయి సర్దుకుంటూ పచ్చను తాకాడు. వేళ్ళు రాసుకుని చూసుకున్నాడు.

"ఇదేమిటి, జిడ్డు?"

ఆ వేళ్ళను సభకు చూపించాడు.

"పుట్టినరోజుకు నాకేమో తలంటు, నా పచ్చకేమో జిడ్డా? దానికీ వేడినీళ్ళు పోయండి. కుంకుడు రసం పెట్టి శుభ్రంగా కడగండి!"

కోశాధికారి పేరమంత్రి అప్పటికప్పుడు వెండిగిన్నెలో మరిగే నీళ్ళు, చిక్కటి కుంకుడు రసం తెప్పించాడు. ఈ మాట చెవిన పడి నాగలింగాచారి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ప్రభూ, ప్రభూ! పచ్చకు వేడినీళ్ళు పడవు!"

"నాకు పడతాయి కదయ్యా" అన్నాడు రాజు. "నాకు పడ్డవి నా పచ్చకు పడవా?"

సభంతా నవ్వింది. చివరి స్తంభం పక్కన మాత్రం ఓబళయ్య నవ్వలేదు. అతను ఆచారి ముఖం చూస్తున్నాడు.

పచ్చ ఒక ఘడియ సేపు కుంకుడు రసంలో మునిగింది. బయటికి తీసినప్పుడు నీళ్ళు కారుతూ తళతళలాడింది. "చూశావా?" అన్నాడు రాజు. తడిరాయిని అలాగే ఆచారి చేతిలో పెట్టి, తుడిచి తురాయిలో బిగించి తెమ్మన్నాడు.

మర్నాడు ఆచారి తురాయి తెచ్చాడు. రాజు తురాయి అందుకుని వెలుతురుకు పెట్టాడు. పచ్చ నడుమ ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి గీత ఉంది. దానికి రెండు వైపులా సన్నటి పిల్లగీతలు. అచ్చం చేపముల్లులా ఉంది.

"పగలగొట్టావు!" అని అరిచాడు రాజు.

"లేదు ప్రభూ. అది రాయితోపాటు పుట్టింది. పచ్చల్లో నూటికి తొంభై అలాగే పుడతాయి. మా తండ్రిగారి కాలం నుంచీ దేవదారు నూనె పట్టించి, ఆ పగులు కనబడకుండా..."

"ఆగు. అంటే ఇరవై ఏళ్ళుగా నా నెత్తి మీద ఉన్న పగులు నా కంటికి కనబడలేదంటావా?"

ఔనంటే కంటికి అవమానం, కాదంటే ముసలి ఆచారికి ముప్పు. ఎవరి నెత్తి మీద ఉన్నది వాళ్ళకు ఎలా కనబడుతుందని ఓబళయ్యకు నోటిదాకా వచ్చింది గాని, మింగేశాడు.

రాజు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. "బాగున్న వస్తువు ఎవరి చేతికి వెళ్ళి పగిలి తిరిగొచ్చిందో, తప్పు ఆ చేతిదే. ఆ చేతి బొటనవేలు తీయించండి!"

అప్పుడు చివరి స్తంభం కదిలింది.

"ప్రభూ, చిన్న సందేహం. ఈ ఆజ్ఞ ఈ ఆచారి ఒక్కడికేనా, అందరికీనా?"

"ధర్మం అందరికీ ఒకటేనయ్యా ఓబళయ్యా. మంత్రికైనా అంతే." ఆ మాట రాజుగారికే రుచించింది. ఇంకాస్త పెంచాడు. "నాకైనా అంతే!"

"ఎంత మాట! రాయసంగారూ, అది పోనివ్వకండి, రాసిపెట్టండి" అన్నాడు ఓబళయ్య. ఆజ్ఞలు రాసే రాయసం గంటం తీసి రాసుకున్నాడు. "ఇంకొక్క మనవి ప్రభూ. ఆ పచ్చను పుట్టినరోజు దాకా నాకు ఇప్పించండి. అది మళ్ళీ ఎప్పటిలా అయితే ఆచారి వేలు ఆచారికి ఉంచండి."

"పగిలిన రాయి అతుక్కుంటుందా? వెర్రివాడా! అతుక్కోకపోతే?"

"అతని బొటనవేలి పక్కన నాది."

రాజుకు ఈ బేరం సరదాగా తోచింది. సరేనన్నాడు. ఆచారిని ఠాణాలో పెట్టారు.

ఓబళయ్య తిన్నగా ఠాణాకే వెళ్ళాడు. ఆచారి గోడకు ఆనుకుని, కుడి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకు ఇరుక్కున్నారయ్యా నాతోపాటు? మీకు వేలు లేకపోయినా వత్తి వెలిగించుకోవచ్చు. నాకు ఇది లేకపోతే సాన మీద రాయి నిలవదు. ఇంట్లో ఆరుగురం ఈ వేలు తిని బతుకుతున్నాం."

"వేలు తినే మాటలు తర్వాత. నూనె సంగతి చెప్పండి, ఆచారిగారూ. నిన్న కడిగాక మళ్ళీ ఎందుకు పట్టించలేదు?"

"పట్టించకేం? రాత్రికి రాత్రి ఎక్కుతుందా? నెలనెలా నేను పోసేది తరుగు పూడ్చడానికి. ఈ కుంకుడు రసం లోపల ఉన్నదంతా లాగేసింది. తడి ఆరేదాకా నాకూ తెలియలేదు. ఇప్పుడు గోరువెచ్చటి దేవదారు నూనెలో ఎనిమిది తొమ్మిది రోజులు కదలకుండా నానాలి. మంట తగలకూడదు, వేడి తగ్గకూడదు."

"మంట తగలకుండా వేడి నిలబెట్టడం తప్ప ఈ జన్మకు నాకు వేరే పనేముంది?" అన్నాడు ఓబళయ్య.

ఆచారి మొలలోంచి చిన్న రాగితీగ తీశాడు. దాని కొస మినప్పప్పు బద్దంత గుండ్రంగా చుట్టి ఉంది. పక్కనున్న నీళ్ళకుండలో ముంచి తీస్తే ఆ చుట్టలో ఒక నీటిచుక్క నిలిచింది.

"దీన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని పగులు అడుగున చూడండి. అప్పుడు మీకే తెలుస్తుంది."

దీపాల కొట్లో ఓబళయ్య కిటికీ దగ్గర నిలబడి ఆ చుక్కలోంచి పచ్చను చూశాడు. చుక్క పొట్ట ఉబ్బి ఉండటంతో చేపముల్లు తాడంత లావుగా కనబడింది. దాని అడుగున, రాయి నట్టనడుమ, ఎర్రటి రేణువులు ఉన్నాయి. గనిమట్టి. రాయి భూమిలో ఉన్నప్పుడే పగులులోకి దిగి అక్కడే చిక్కుకుపోయింది. సూది కూడా దూరని చోటికి మట్టిని ఏ ఆచారి తోయగలడు?

ఇప్పుడే వెళ్ళి రాజుకు ఇది చూపిస్తే? ఓబళయ్య కొంచెంసేపు ఆలోచించి వద్దనుకున్నాడు. కోపంలో ఉన్న మనిషికి నీటిచుక్క చూపిస్తే, చుక్కను ఊదేస్తాడు. రాజుకు చెప్పి ఒప్పించడం కష్టం. ఆయన చేత్తో ఆయనే చేసి చూసుకుంటే, ఇక కాదనడానికి ఎవరూ మిగలరు.

గిన్నెలో దేవదారు నూనె పోసి, పచ్చను అందులో వదిలి, పెద్ద దీపం పైన ఉన్న గూట్లో పెట్టాడు. తొమ్మిది రోజులు ఆ దీపం వత్తి పెరగలేదు, తరగలేదు.

పుట్టినరోజు సభ కిటకిటలాడింది. రాజు తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుని వచ్చాడు. ఓబళయ్య పళ్ళెంలో పచ్చను పెట్టి ముందుకు తెచ్చాడు. రాజు దాన్ని కిటికీలోంచి పడుతున్న ఎండకు ఎత్తాడు.

గీత లేదు. చేపముల్లు లేదు. చిలకరెక్క పచ్చదనం తప్ప ఇంకేమీ లేదు.

"అతికించావే!" రాజు ముఖం వెలిగింది. మరుక్షణమే కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఆగాగు. పగిలిన రాయి అతుక్కోదు. ఇది నా రాయి కాదు. మార్చేశావు!"

"నాకూ అదే అనుమానం ప్రభూ" అన్నాడు పేరమంత్రి, ఎవరూ అడగకుండానే.

ఓబళయ్య చేతులు కట్టుకున్నాడు. "ఏలినవారికి అనుమానం వస్తే తీర్చుకోవాల్సిందే. ఆ రోజు మీ రాయికి ఏ స్నానం చేయించారో, ఈ రాయికీ అదే చేయించండి. పరాయి రాయి అయితే అలాగే మెరుస్తుంది. అప్పుడు నా రెండు బొటనవేళ్ళూ తీసుకోండి. కాని ఒక్క మాట. వేరే చేయి పడితే మళ్ళీ వేరే అనుమానం. ఈసారి ఏలినవారే స్వయంగా కడగాలి. తుడవడం కూడా తమరే. పచ్చ తమ చేతిలోంచి జారకూడదు."

"నా చేతిలో ఉంటే, నా కన్ను దాటి ఎక్కడికి పోతుంది?" అన్నాడు రాజు.

వెండిగిన్నె వచ్చింది. మరిగే నీళ్ళు, కుంకుడు రసం వచ్చాయి. రాజు పట్టుబట్టలు ఎగదోసుకుని, వెండిగరిటెతో పచ్చను తిప్పుతూ ఘడియసేపు కూర్చున్నాడు. కుంకుడు నురగ ముంగురులకు అంటింది. ఎవరూ నవ్వే సాహసం చేయలేదు. నీళ్ళలోంచి తీసి, కొత్త గుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచి, తడి ఆరేదాకా ఎండలో పట్టుకుని నిలబడ్డాడు.

ముందు ఒక దారప్పోగులాంటి తెలుపు కనబడింది. తర్వాత అది సాగింది. దానికి అటూ ఇటూ పిల్లగీతలు లేచాయి. చూస్తుండగానే రాజుగారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేపముల్లు మొలిచింది.



"రాయసంగారూ" అన్నాడు ఓబళయ్య నెమ్మదిగా. "ఆనాటి ఆజ్ఞ ఒకసారి చదివి వినిపిస్తారా?"

రాయసం తాటాకు తీశాడు. పాపం, తడబడుతూ చదివాడు. "బాగున్న వస్తువు ఎవరి చేతికి వెళ్ళి పగిలి తిరిగొచ్చిందో, తప్పు ఆ చేతిదే. ఆ చేతి బొటనవేలు... మంత్రికైనా అంతే... నా... నాకైనా అంతే."

రాజు పచ్చను చూశాడు. తన బొటనవేలిని చూసుకున్నాడు. అది నిక్షేపంలా, ఉంగరంతో సహా, ఉన్నచోటే ఉంది. డేగచూపు మొదటిసారి నేలవైపు దిగింది.

"నేనేమీ చేయలేదు కదయ్యా" అన్నాడు, చాలా మెల్లగా.

"ఆచారి కూడా ఇదే మాట అన్నాడు ప్రభూ."

ఓబళయ్య రాయసం దగ్గర ఒక పక్క మాత్రమే రాసిన కాగితం ముక్క అడిగి, దాని మీద తన వేలికి ఉన్న నూనె రాశాడు. కాగితాన్ని ఎండకు పట్టాడు. నూనె తగిలిన చోట అవతలి పక్క అక్షరాలు కనబడ్డాయి.

"ఇది కొట్లో నేను రోజూ చూసే వింతే. కాగితం నారల మధ్య గాలి ఉంటుంది. వెలుగు అడుగడుగునా ఆ గాలికి తట్టుకుని వెనక్కి మళ్ళుతుంది. అందుకే కాగితం తెల్లగా కనబడుతుంది. గాలి ఉన్నచోట నూనె చేరితే తట్టుకోవడానికి ఏమీ ఉండదు. పచ్చలో పగులూ అంతే. పగులంటే రాయి నడుమ ఒక గడప. గాలి ఉంటే వెలుగు ఆ గడప తట్టుకుని వెనక్కొస్తుంది, మనకు తెల్లగీత అవుతుంది. దేవదారు నూనె వెలుగుకు ఇంచుమించు రాయిలాంటిదే. అది గడపను పూడ్చి నేల చదును చేస్తుంది. వెలుగు ఆగకుండా నడిచిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఏలినవారి కన్ను తప్పు చూడలేదు. చూడటానికి అక్కడ ఏమీ లేకుండా ఆచారి చూసుకున్నాడు."

ఆ తర్వాత రాగితీగను నీళ్ళలో ముంచి రాజుగారి చేతికిచ్చాడు. రాజు ఆ చుక్కలోంచి చాలాసేపు చూశాడు.

"లోపల ఎర్రమట్టి ఉంది" అన్నాడు చివరికి.

"గనిమట్టి ప్రభూ. తమ తాతగారి కంటే ముందునుంచీ అక్కడే ఉంది."

"మరి నాకు ఎవరూ చెప్పలేదేం?"

"చెప్పాడు ప్రభూ, ఆచారి చెప్పాడు. ఠాణాలో కూర్చున్నాడు." ఓబళయ్య మళ్ళీ అందుకున్నాడు. "అయినా తలంటు అంటే ముందు నూనె, తర్వాత కుంకుడు. ఆ వరస మనుషులకు. పచ్చకు కుంకుడు లేదు, ఉన్నదంతా నూనే. ఏలినవారు పాపం దాని నూనె తీసేసి, కుంకుడు మిగిల్చారు."

రాజు పెదవి వణికింది. అది కోపమో మరొకటో తెలియక ముందువరస వాళ్ళు పీటలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. ముంగురుల మీది కుంకుడు నురగ జారి ముక్కు మీద పడింది. దాన్ని తుడుచుకోబోయి, తన బొటనవేలు కంటబడి, రాజు ఫక్కున నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు సభకు కూడా నవ్వడానికి అనుమతి దొరికింది.

"వెళ్ళి ఆచారిని తీసుకురండి!"

ముసలివాడు వచ్చి చేతులు జోడించాడు. రాజు ఆ కుడిచేతిని పట్టుకుని, తన బొటనవేలి ఉంగరం తీసి, అతని బొటనవేలికి తొడిగాడు. "ఈ వేలు ఇక నా వేలు. దీనికి గీత పడితే నీదే పూచీ" అన్నాడు. దీపాల కొట్టుకు ఏటా నూరు కుంచాల నువ్వులనూనె, ఓబళయ్యకు ముందువరసలో పీట ఇప్పించాడు. ఓబళయ్య నూనె పుచ్చుకున్నాడు గాని, పీట మాత్రం చివరి స్తంభం పక్కనే వేయించుకున్నాడు. అక్కడినుంచి అందరి ముఖాలూ కనబడతాయని అతని లెక్క.

పచ్చ మళ్ళీ తొమ్మిది రోజులు దీపం గూట్లో నానింది. పుట్టినరోజు మర్నాడే వందిమాగధులు రాజును పొగిడి, ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకునేసరికి, రాజు చెయ్యెత్తి ఇక చాలన్నాడు.

ఆ తర్వాత ఎవరిమీద ఏ నేరం మోపి తెచ్చినా, ఆజ్ఞ ఇచ్చే ముందు ధవళకీర్తి భూపతి చెయ్యి చాపి, "ఏదీ, ముందు ఆ నీటిచుక్క ఇలా తెండి" అనేవాడట.